లేచి నిలబడే ముందు

“తాగొచ్చిందని నేననట్లేదు మాస్టారూ, మా అమ్మ అంటంది. నేనడిగేది ఒకటే. నా బిడ్డ ఎడం చెయ్యి ఎందుకు లేవట్లేదు?”

చాంద్ బాషా గొంతు పెంచలేదు. లారీ షెడ్డులో ఇంజన్ల మోత మధ్య అరిచి మాట్లాడటం అలవాటైన మనిషి ఇంత నెమ్మదిగా మాట్లాడుతుంటే, వసారాలో నిలబడ్డ ఇన్నయ్యకు అరుపులకంటే ఎక్కువ భయం వేసింది.

“నిన్న పుట్టిన బిడ్డ కదా బాషా. నిదానంగా అదే...”

“కుడి చెయ్యి లేస్తంది. ఎడంది లేవట్లా. ముట్టుకుంటే గుక్కపెట్టి ఏడుస్తన్నాడు.”

కొడుకు వెనక నుంచి హజ్రా బీ ముందుకొచ్చింది. నిన్నటినుంచి నిద్ర లేనట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నా కళ్ళతో చూశా మాస్టారూ. బొడ్డు కోసింది. తుడిచింది. గుడ్డలో చుట్టింది. అంతా బాగానే చేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? బిడ్డనెత్తుకొని లేచింది. లేచిందో లేదో కళ్ళు తేలేసింది. తూలి మంచం మీదికి పడింది. పసోడి భుజం పట్టెకు కొట్టుకుంది. నేను పట్టుకోకపోతే నేలమీదే. ఏమైందమ్మా అంటే మాట ముద్దముద్దగా వస్తంది. ఇంకేమనుకోవాలి నేను?”

లోపలి గదిలో మంచం మీద కూర్చున్న మార్తమ్మకు ప్రతి మాటా వినిపిస్తోంది. మాట ముద్దగా వచ్చిన సంగతి నిజమే. నాలుక ఎండి అంగిటికి అతుక్కుపోతుంటే మాట ఇంకెలా వస్తుంది? బయటికి వెళ్ళి ఆ మాటే చెప్పొచ్చు. నోరెందుకు ఎండిందంటారు. మాత్రల వల్ల. మాత్రలెందుకంటారు. ఆ ప్రశ్న దాకా వచ్చేసరికి ఈ ఇంట్లో ముగ్గురూ వారం రోజులుగా మూగవాళ్ళవుతున్నారు.

ఆమె కాళ్ళు కిందికి దించింది. కాసేపు అలాగే కూర్చుంది. గోడ పట్టుకొని లేచింది. కళ్ళముందు నల్లటి చుక్కలు ఆడి, ఆగాయి. అప్పుడు అడుగు వేసింది.

ఆమె గుమ్మం చేరేలోపే ఇన్నయ్య నోరు తెరిచాడు.

“ఉపవాసం బాషా! మాకిది తపస్సు కాలం. ఈస్టరు పండగ దాకా ఒక్క పూటే తింటుంది. పైగా రాయి నొప్పని సెలవులో ఉంది. సెలవులో ఉన్న మనిషిని మీ అమ్మే వచ్చి బతిమాలి తీసుకెళ్ళింది. మార్త మిట్టమధ్యాహ్నం ఎండలో మీ ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చింది. కళ్ళు తిరగవా మరి?”

మార్తమ్మ గుమ్మంలో ఆగిపోయింది. మిషను బడిలో అబద్ధమాడిన పిల్లల చేత గోడకుర్చీ వేయించే మనిషి, ఒక్క ఊపిరిలో ఇంత అబద్ధం ఎలా చెప్పగలిగాడో ఆమెకు అర్థం కాలేదు.

ఎదురింటి ముందు బిందె దించి మల్లీశ్వరి వీధి దాటి వచ్చింది. మిరప చేలకు కూలికి వెళ్ళే మనిషి. కొంగు నడుముకు బిగించి, బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

“ఏంది బాషన్నా, పొద్దున్నే ఈ గోల? నర్సమ్మక్క తాగే మనిషా? ఆ మాట అనటానికి నోరెట్టా వచ్చింది హజ్రమ్మా నీకు? మొన్నా మధ్య క్యాంపులో నాకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు, బల్ల మీద నుంచి దించేదాకా నా చెయ్యి వదల్లా ఈ అక్క. సొంత అక్కైనా అట్టా నిలబడదు.”

మార్తమ్మ చెయ్యి తలుపు మీదనుంచి జారింది.

అప్పుడు ఆమెను చూశాడు చాంద్ బాషా. “నర్సమ్మా, మీరే చెప్పండి. మాస్టారు చెప్పిందేనా? ఉపవాసమేనా?”

ఇన్నయ్య వెనక్కి తిరగలేదు. అతని మెడ వెనక నరం బిగుసుకోవడం మాత్రం ఆమెకు కనిపించింది.

“అవును” అంది మార్తమ్మ.

చాంద్ బాషా ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. “బేస్తవారం పెద్ద డాక్టరు ఆసుపత్రికి వస్తాడంట గందా. ఆయన ముందు ఇదే మాట కాయితం మీద రాసియ్యండి. మండల ప్రెసిడెంటు గారి లారీలన్నీ నా షెడ్డుకే వస్తయ్. నేనాయనకి ఇంకా ఏం చెప్పలేదు. చెప్పాలో వద్దో బేస్తవారం చూద్దాం.”

తల్లీకొడుకులు వెళ్ళిపోయారు. మల్లీశ్వరి నవ్వు ముఖంతో, “భయపడమాక అక్కా, నేనున్నా” అని బిందె ఎత్తుకుంది.

*

తలుపు మూయగానే వంటింట్లోనుంచి శౌరమ్మ మొదలుపెట్టింది.

“ముందే చెప్పా. విన్నారా మొగుడూ పెళ్ళాలు? ఆ మాత్రలు మనిషిని నిలువునా పడేస్తన్నయ్.”

“నువ్వు ఊరుకో అమ్మా” అన్నాడు ఇన్నయ్య.

“ఎందుకూరుకోవాలిరా? రెండేళ్ళు సూది ఏసుకుందంట. ఆ రెండేళ్ళలో ఒక్కనాడు పడిందా? వండింది. కడిగింది. డ్యూటీకి పోయింది. ఆదివారం గుడిలో అందరికంటే గట్టిగా పాడింది. ఇంట్లో ఉన్న నాకే తెలవదు. మాత్రలు మొదలెట్టి ఆరు రోజులు, మూడుసార్లు పడింది. ఇప్పుడు చెప్పండి, ఏది మందు, ఏది జబ్బు?”

అత్త చెప్పిన ప్రతి ముక్కా జరిగినదే.

రెండేళ్ళ కిందట మూత్రపిండంలో రాయి. ఆ నొప్పికి పెతిడిన్ అనే మత్తు సూది. రాయి తనంతట తానే పడిపోయింది, సూది పోలేదు. తన చేతిలోనే సిరంజి, ఆసుపత్రి బీరువా తాళం తన నడుముకే. పోయిన వారం ఒకనాడు తొడల మీద గడ్డలు కట్టిన మచ్చలు ఇన్నయ్య కంట పడ్డాయి. అతను కొట్టలేదు, తిట్టలేదు. బీరువా తాళం కాంపౌండరుకు ఇప్పించి, గుంటూరు తీసుకెళ్ళి వెంకట్రామయ్య డాక్టరు ముందు కూర్చోబెట్టాడు. ఆనాటి నుంచి అవసరమైన మాటలే మాట్లాడుతున్నాడు.

“ఇది బీపీ తగ్గించే మాత్రమ్మా” అని చెప్పాడు డాక్టరు. “నీకు బీపీ లేదు. అయినా ఇస్తున్నాను. సూది మానితే చెమటలు, ఆవలింతలు, కాళ్ళు పీకడం, ముక్కు కారడం వస్తాయి చూడు, వాటిని ఇది అణుస్తుంది. కానీ దీని పని ఇది చేయక మానదు, లేని బీపీని ఇంకా దించుతుంది. గబుక్కున లేచావంటే కింద పడతావు. నోరెండుతుంది, నిద్ర తూగుతుంది, మలబద్ధకం ఉంటుంది. మాత్ర వేసుకునే ముందు ప్రతిసారీ బీపీ చూడండి. పై అంకె తొంభైకి దిగితే ఆ పూట మానెయ్యండి. ఆ ఒక్క పూటే. ఒక్కసారిగా మొత్తం ఆపారంటే అడ్డం తిరుగుతుంది. పది రోజులు వాడి, మరో వారంలో మెల్లగా దించుకుంటూ రావాలి. అన్నాళ్ళూ డ్యూటీ వద్దు.”

నిన్న పొద్దున పై అంకె తొంభై రెండు చూపించింది. రెండు ఎక్కువే ఉంది కదా అని మాత్ర వేసుకుంది. ఆ తర్వాతే హజ్రా బీ వచ్చి గుమ్మంలో కూలబడింది.

“సెలవులో ఉన్నదానివి ఎందుకు పోయావ్?” అన్నాడు ఇన్నయ్య. నిన్నటినుంచి దాచుకున్న ప్రశ్న.

“బిడ్డ తల కనపడుతోందని చెప్పింది హజ్రమ్మ.”

“డాక్టరు వద్దన్నాడా లేదా?”

“అన్నాడు.”

“మరి?”

“వెళ్ళకపోతే షకీలా ఏమయ్యేదో. తొలి కాన్పు.”

“వెళ్తే ఏమైంది?”

వంటింట్లో శౌరమ్మ గిన్నె కిందపెట్టిన చప్పుడు పెద్దగా వినిపించింది.

“మీరు ఉపవాసమని ఎందుకన్నారు?” అంది మార్తమ్మ.

“ఇంకేమనమంటావ్? నా భార్య సూదికి మరిగింది, అది మాన్పిస్తున్నాం అనమంటావా? రేపు ఫాదర్ గారు నన్ను బళ్ళో ఉంచుతాడా? నీ ఉద్యోగం ఉంటుందా? ఆసుపత్రి సూదులు ఎవరివి వేసుకుందని అడగరా?”

ఆ చివరి ప్రశ్న ఇన్నయ్య తనకు తెలియకుండానే అన్నాడు. ఎవరివి అని అతనెప్పుడూ ఆమెను అడగలేదు. ఇప్పుడూ జవాబు కోసం ఆగలేదు. చొక్కా తగిలించుకొని బడికి వెళ్ళిపోయాడు.

మార్తమ్మ అలమరలో మాత్రల పొట్లం కోసం చూసింది. పెట్టినచోట లేదు. నిన్న పడిపోయి వచ్చాక, సాయంత్రం మాత్ర వద్దంటే వద్దని అత్త అడ్డం పడింది. ఒక పూటే కదా అని ఊరుకుంది. ఇప్పుడు పొట్లమే లేదు.

“అత్తా, మాత్రలేవి?”

“పారేశా.”

“ఎక్కడ?”

“పొయ్యిలో.”

“నిజం చెప్పు అత్తా. ఒక్కసారిగా ఆపకూడదది. ఇన్నాళ్ళు అణిచిపెట్టిన బీపీ ఒక్కసారే పైకి తన్నుతుంది.”

“పైకీ తన్నుద్ది, కిందికీ పడేస్తది! ఏం మందే అది? నువ్వొక మందు మానటానికి ఇంకో మందు, అది మానటానికి ఇంకోటి. నీకు మందులు కావాల. అంతే. ఏదో ఒకటి ఒంట్లోకి పోవాల.”

రెండేళ్ళపాటు ఈ ముసలామె పక్క గదిలో నిద్రపోతుంటే, తాను తలుపు గడియ వేసుకొని ఏం చేసిందో మార్తమ్మకు గుర్తొచ్చింది. నమ్మమని ఏ ముఖంతో అడుగుతుంది?

*

పదకొండు గంటలకల్లా ఆవలింతలు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి, దవడలు నొప్పి పుట్టేదాకా. ముక్కు కారుతోంది. బయట ఎండ మండిపోతుంటే ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పిక్కలు లోపలినుంచి ఎవరో మెలిపెడుతున్నట్టున్నాయి. ఇవన్నీ తెలిసినవే. కానీ తల వెనక మొదలైన పోటు కొత్తది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ కళ్ళ వెనక దాకా కొడుతోంది.

బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఆమెకు తెలుసు. కాంపౌండరు సుభానీ మంచివాడు. రాయి నొప్పి తిరగబెట్టిందని చెబితే సందేహించడు. ఆసుపత్రి ఇంటినుంచి నాలుగిళ్ళ దూరం. ఆమె రెండుసార్లు మంచం దిగింది. రెండుసార్లూ మళ్ళీ పడుకుంది. మనసు గట్టిగా ఉండి కాదు, తల ఎత్తలేక.

మధ్యాహ్నం గంట కొట్టాక ఇన్నయ్య అన్నానికి వచ్చాడు. ఆమె ముఖం చూసి గుమ్మంలోనే ఆగాడు. ఎర్రబడ్డ ముఖం, చెమటతో తడిసిన జాకెట్టు.

“మిషను తీయండి” అంది మార్తమ్మ. “నేను చూసుకోలేను. అంకెలు కనపడట్లేదు.”

అతను ఆమె డ్యూటీ సంచిలోనుంచి బీపీ మిషను తీశాడు. మొదటి రోజు ఆమే నేర్పింది. పట్టీ మోచేతికి పైన కట్టాలి, గాలి ఎక్కించాలి, మెల్లగా వదులుతూ చప్పుడు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో చూడాలి. లెక్కల మాస్టారు కనుక తొందరగానే పట్టుబడింది. వారం రోజులుగా అతను ఆమె చెయ్యి ముట్టుకుంటున్నది ఆ పట్టీ కట్టడానికే.

పాదరసం దిగుతోంది. నూట తొంభై దగ్గర చప్పుడు మొదలైంది. ఇన్నయ్య చటుక్కున గాలి వదిలేశాడు. మళ్ళీ కట్టాడు. మళ్ళీ అదే.

“నూట తొంభై. కింద నూట పదహారు.” అతని గొంతు మారిపోయింది. “నిన్న తొంభై రెండు కదా. ఇదేంది మార్తా?”

“మాత్ర ఆగి ఒక రోజు దాటింది.”

“ఎందుకాపావు?”

ఆమె కళ్ళు మూసుకుంది. ఇన్నయ్య తలతిప్పి తల్లివైపు చూశాడు. శౌరమ్మ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. మిషను సంగతి ఆమెకు తెలియదు. కొడుకు రెండుసార్లు పట్టీ కట్టడం మాత్రం చూసింది.

“ఎట్టా ఉందిరా?” అంది.

“ఇలాగే ఉంటే తలలో నరం చిట్లుతుంది” అన్నాడతను. “డాక్టరు చెప్పాడు. నేనొచ్చి చెబితే నువ్వు వినలేదు.”

శౌరమ్మ తన గదిలోకి వెళ్ళింది. ట్రంకు పెట్టె మూత కిర్రుమంది. తాను పోయినప్పుడు కప్పడానికని దాచుకున్న తెల్లచీర మడతల్లోనుంచి పొట్లం తీసుకొచ్చి మంచం మీద పెట్టింది. పొయ్యిలో వెయ్యలేదేమని ఎవరూ అడగలేదు. ఆమె వెళ్ళి పెరటి గడప మీద, వీపు కనిపించేలా కూర్చుంది.

“ఎన్ని?” అన్నాడు ఇన్నయ్య.

“ఒకటే. పోయిన పూటలవి కలిపి వెయ్యకూడదు. గంటకోసారి చూడండి.”

మాత్ర మింగి ఆమె వెల్లకిలా పడుకుంది. బడి గంట మళ్ళీ కొట్టింది. అతను కదల్లేదు. గంట తర్వాత నూట అరవై ఎనిమిది. కాపీ పుస్తకం వెనక అట్ట మీద టైము, అంకె రాశాడు. పక్కన ఏదో రాయబోయి ఆగాడు.

“రేపటినుంచి ఇలా చేద్దాం” అంది మార్తమ్మ, కళ్ళు తెరవకుండానే. “పొద్దున, మధ్యాహ్నం సగం సగం మాత్ర. రాత్రి పడుకునేముందు ఒకటిన్నర. పడుకొని ఉన్నప్పుడు దిగితే దిగనీ, పడిపోయే పని ఉండదు. డాక్టరు గారికి ఒక మాట చెప్పి మార్చాలి. పోస్టాఫీసు నుంచి ట్రంక్ కాల్ చెయ్యండి.”

“పోస్టుమాస్టరు పక్కనే కూర్చొని వింటాడు.”

“నా భార్యకు బీపీ మాత్ర పడట్లేదని చెప్పండి. అబద్ధం కాదుగా.”

అతను తల ఊపాడు. ఆ ఊపులో ఒప్పుకోలు ఎంతో, అలసట ఎంతో ఆమెకు తెలియలేదు.

“ఉప్పేసిన మజ్జిగ తాగాలి. నోరెండకుండా ఉసిరి ముక్క పెట్టుకుంటా. ఎండలోకి పోను. లేచేటప్పుడు ముందు కూర్చుంటా, కాళ్ళు దించుకుంటా, ఆ తర్వాతే నిలబడతా. ఇవన్నీ నాకు ముందే తెలుసు. రోజూ వేరేవాళ్ళకు చెప్పేదాన్నే.” కళ్ళు తెరిచింది. “నిన్న బిడ్డ ఏడుపు వినపడగానే మర్చిపోయా. మామూలు మనిషినైపోయాననుకున్నా.”

ఇన్నయ్య పట్టీ చుట్టి పెట్టెలో పెట్టాడు.

“పసివాణ్ణి నరసరావుపేట తీసుకెళ్ళండి” అంది ఆమె. “ఎముకల డాక్టరుకు చూపించాలి. మెడ కింది ఎముక విరిగి ఉంటుంది. ముట్టుకుంటే ఏడుస్తున్నాడంటే అదే.”

“నేనెందుకు వెళ్ళాలి? వెళ్తే మన తప్పు ఒప్పుకున్నట్టు.”

“పడేసింది నేను. అబద్ధం చెప్పింది మీరు. ఇద్దరిలో నడవగలిగింది మీరొక్కరే.”

పెరటి గడప మీద కూర్చున్న శౌరమ్మ ఇటు తిరక్కుండానే అంది, “పోరా. పసిబిడ్డ.”

ఇన్నయ్య రెండింటి బస్సుకు బయల్దేరాడు.

*

పొద్దు వాలేసరికి తలపోటు తగ్గింది. మార్తమ్మ తానే చూసుకుంది, నూట ముప్ఫై. ఆవలింతలు మాత్రం పోలేదు. శౌరమ్మ గంజిలో ఉప్పు కలిపి మంచం పక్కన పెట్టి, వెళ్ళి పెరట్లో బట్టలు మడతపెడుతోంది.

మల్లీశ్వరి మజ్జిగ గ్లాసుతో వచ్చింది. చేనునుంచి వచ్చి ముఖం కడుక్కున్నట్టుంది, మెడ దగ్గర ఇంకా మట్టి ఉంది.

“ఉపవాసంలో మజ్జిగ తాగొచ్చా అక్కా? మీ వాళ్ళ పద్ధతి నాకు తెలవదు. తాగకూడదంటే చెప్పు, పట్టకపోతా.”

“తాగొచ్చు” అంది మార్తమ్మ. గ్లాసు అందుకుంది. ఎండిన నోటికి పుల్లటి మజ్జిగ ప్రాణం లేచొచ్చినట్టుంది.

“మాస్టారు, బాషన్న బస్సు దిగారు. ఎముక చిట్లిందంట. మూడు వారాల్లో అతుక్కుంటదంట, భయం లేదన్నాడంట డాక్టరు. పసోడి చెయ్యి ఒంటికి కట్టి పంపాడు. హజ్రమ్మ కాస్త మెత్తబడిందిలే. మాస్టారు ఇప్పుడక్కడే కూకొని టీ తాగుతున్నాడు. నీ ఉపవాసం సంగతి ఆళ్ళకి చెప్తన్నాడు.”

మార్తమ్మ గ్లాసు దించింది.

“నేనైతే తేల్చి చెప్పా అక్కా. బేస్తవారం పెద్ద డాక్టరు దగ్గరికి నేనూ వస్తా. నా బిడ్డల మీద ఒట్టేసి చెప్తా. ఈ నర్సమ్మ రోగి దగ్గర తప్పు చేసే మనిషి కాదని.”

“బిడ్డల మీద ఒట్టు వెయ్యకు మల్లీశ్వరీ.”

“ఎందుకెయ్యకూడదు? నాకు తెలవదా?” మల్లీశ్వరి మంచం పక్కన కింద చతికిలబడింది. గొంతు తగ్గించింది. “నీకో సంగతి చెప్పాలక్కా. ఎవరికీ చెప్పలా. ఆ క్యాంపులో మిగతా ఆడోళ్ళందరూ సూదేసినంక నిద్రలో ఉన్నట్టుందన్నారు. కోసేది తెలియలా అన్నారు. నాకు మొత్తం తెలిసింది. కోసేది, లాగేది, కుట్టేది, అంతా. ఎంత అరిచానో నీకు తెలుసు గందా. ఊళ్ళో నవ్వారు. మా అత్తైతే ఇప్పటికీ అంటది, ఎవరికీ లేని నొప్పి నీకే వచ్చిందా, ఒళ్ళొంగని దానివి, నాటకాలని. మా ఇంటాయన కూడా అంటాడు. నేనూ అనుకున్నా, నా ఒళ్ళే అట్టాంటిదేమో, మందు పట్టని ఒళ్ళేమోనని. చిన్న ముల్లు గుచ్చుకున్నా ఇప్పుడు నోరు తెరవను. నవ్వుతారని. ఆ రోజు నవ్వకుండా నిలబడింది నువ్వొక్కదానివే.”

పెరట్లో బట్ట దులిపిన చప్పుడు ఆగిపోయింది.

మార్తమ్మ ఎదురుగా ఉన్న ఈ మనిషి ముఖంలోకి చూసింది. ఆ రోజు ఆ చెయ్యి ఎందుకు పట్టుకుందో ఆమెకు తెలుసు. జాలితో కాదు. పక్కనుంచి కదిలితే అరుపు ఇంకా పెద్దదై, డాక్టరు సూది సంగతి అడుగుతాడని. ఒక చేత్తో మల్లీశ్వరి నోరు దాదాపు మూసినంత పని చేసింది.

మాట్లాడకుండా ఉండొచ్చు. బేస్తవారం ఈ అమాయకురాలు ఒట్టు వేస్తుంది. చాంద్ బాషా నమ్ముతాడు. పసివాడి ఎముక అతుక్కుంటుంది. ఇంకో పది రోజుల్లో మాత్రలు అయిపోతాయి. డ్యూటీలో చేరొచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు.

“నీ ఒంట్లో ఏ లోపమూ లేదు మల్లీశ్వరీ” అంది.

“ఏందక్కా?”

“ఆ రోజు నీకు వేసిన సూదిలో మందు లేదు. నీళ్ళు.”

మల్లీశ్వరి అర్థంకానట్టు చూసింది. ముఖంలో చిరునవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

“మందు అయిపోయిందా?”

“లేదు. ఉంది. నీ మందు నేను వేసుకున్నా.” నాలుక మళ్ళీ ఎండిపోయింది. అయినా మాట ఆపలేదు. “రెండేళ్ళుగా నాకు ఆ సూది లేకపోతే గడవదు. ఇప్పుడు మానుతున్నా. అది మానటానికి వేసుకునే మాత్రల వల్లే నిన్న పడిపోయా. ఉపవాసం లేదు, ఏమీ లేదు.”

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. మల్లీశ్వరి చెయ్యి తనకు తెలియకుండానే పొత్తికడుపు మీదికి, చీర కింద కుట్లున్న చోటికి వెళ్ళింది.

“అంటే నా ఒళ్ళు బాగానే ఉందన్నమాట” అంది మెల్లగా.

“బాగానే ఉంది.”

“నేను నాటకాలాడలా.”

“లేదు.”

మల్లీశ్వరి కళ్ళలో నీళ్ళు నిండాయి. అవి కిందికి జారలేదు. ఒక్క క్షణం ఆమె ముఖంలో తేలికదనం లాంటిది కనిపించింది. ఆ వెంటనే అది పోయింది.

“ఆ రోజు క్యాంపులో పదకొండు మందిమి ఉన్నాం. నన్నే ఎందుకు ఎంచుకున్నావ్?”

మార్తమ్మ తల దించుకుంది.

“చెప్పక్కా. నన్నే ఎందుకు?”

“మిగతా వాళ్ళకు తల్లో, మొగుడో, అత్తో ఎవరో ఒకరు బయట కూర్చొని ఉన్నారు. అరుపు వినపడితే లోపలికి వస్తారు, అడుగుతారు.” మార్తమ్మ తల ఎత్తింది. “నీ వెంట ఎవరూ రాలేదు మల్లీశ్వరీ.”

మల్లీశ్వరి లేచింది. మార్తమ్మ చేతిలోని గ్లాసు తీసుకుంది. అందులో ఇంకా సగం మజ్జిగ ఉంది. వసారా అంచున నిలబడి దాన్ని మట్టిలోకి ఒంపేసింది. గ్లాసు కొంగులో చుట్టుకుంది.

పెరటి గుమ్మంలో శౌరమ్మ, చేతిలో సగం మడతపెట్టిన చీరతో, కోడలివైపు చూస్తూ నిలబడిపోయింది.

“అమ్మాయ్, ఆగవే” అంది ఆమె వీధివైపు చూసి.

మల్లీశ్వరి వీధిలోకి దిగింది. ఎదురుగా తన ఇంటి తలుపు తీసే ఉంది. పిల్లలు అమ్మా అని పిలిచారు. ఆమె అటు వెళ్ళలేదు. కుడివైపు తిరిగి, ఇన్నయ్య టీ తాగుతూ కూర్చున్న హజ్రా బీ ఇంటివైపు నడవసాగింది.